వేసెక్టమీ అయి తొమ్మిదేళ్ళు: మళ్ళీ కలిపించుకోవాలంటే ఎంతవుతుంది? వేరే దారి ఏమైనా ఉందా?

అటక కొబ్బరి

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. రెండెకరాల కొబ్బరి తోట, చెట్ల మధ్య కోకో, ఇంటి అటక మీద కురిడీ కాయలు. నా వయసు 40. ఈ సంగతి ఊళ్ళో ఒకరిని అడిగితే సాయంత్రానికి రచ్చబండ దాకా పోతుంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2016లో మా బాబు పుట్టాక నేను వేసెక్టమీ (పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు శుక్రకణాలు వచ్చే గొట్టాన్ని, అంటే వీర్యవాహికను, కత్తిరించే ఆపరేషన్) చేయించుకున్నాను. నా భార్యకు రెండు కాన్పులూ సిజేరియన్లే. రెండోసారి రక్తపోటు బాగా పెరిగి మూడు రోజులు మంచం దిగలేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇప్పుడు వద్దు, కోలుకున్నాక తీసుకురండి అని డాక్టరమ్మ చెప్పారు. అప్పటికే రెండు కోతలు పడ్డ కడుపు మీద మూడో కోత ఎందుకని నేనే వెళ్ళాను. కోత, కుట్టు లేని పద్ధతిలో శిబిరం పెట్టారు. పావుగంటలో బల్ల దిగాను. కూలి నష్టానికని 1,100 రూపాయలు చేతిలో పెట్టారు. మా అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. మగవాడివి, నీకెందుకురా ఆ ఆపరేషన్ అని చుట్టాలందరూ అన్నారు. ఆ రోజు చేసిన పనికి నాకు ఇప్పటికీ విచారం లేదు. ఆమె కోసం నేను పూర్తిగా చేయగలిగిన పని అదొక్కటే అనిపిస్తుంది.

2021 మే నెలలో కరోనా రెండో అలలో ఆమె పోయింది. పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు, బాబుకు ఐదు.

రెండేళ్ళ క్రితం మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. ఈమె ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు, వయసు 33. ఆమెకు ఇదే మొదటి పెళ్ళి. ఆపరేషన్ సంగతి సంబంధం మాట్లాడుకున్న రోజే చెప్పాను. "ఇద్దరు పిల్లలు ఉన్నారు కదా" అంది. ఆ తరువాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. పిల్లలను చూసుకోవడంలో నేను వంక పెట్టగలిగింది ఏమీ లేదు. మొన్న శ్రావణంలో మా పిన్ని కోడలికి సీమంతం చేశారు. అక్కడ ఒక పెద్దావిడ ఈమె చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు తొడిగి, వచ్చే ఏడు నీకు అని దీవించింది. ఆవిడకు మా సంగతి తెలియదు. ఇంటికి వచ్చాక ఈమె పట్టుచీర మార్చుకుంది, నగలు తీసి పెట్టెలో పెట్టింది. గాజులు మాత్రం తీయలేదు. రెండు నెలలైంది, ఇంకా ఉన్నాయి. అంట్లు తోముతుంటే రెండు పగిలాయి. మిగతావి జాగ్రత్తగా చూసుకుంటోంది.

అందుకే కనుక్కోవడం మొదలుపెట్టాను. రాజమహేంద్రవరంలో ఒకచోట, మళ్ళీ కలపడానికి 55 వేలు అన్నారు. విశాఖలో మరొకచోట మైక్రోస్కోపు కింద చేస్తాం, లక్షా పదివేలు అన్నారు. విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో, కలపడం దండగ, సూదితో శుక్రకణాలు తీసి నేరుగా ఇక్సీ (శుక్రకణాన్ని బయటే అండంలోకి ఎక్కించి పిండం తయారుచేయడం) చేద్దాం, రెండు లక్షల 20 వేలు, ఇంజెక్షన్లు వేరే అన్నారు. ఒక్క పనికి ముగ్గురు మూడు మాటలు చెబితే నేను దేనిని నమ్మాలి?

నా దగ్గర ఉన్నదంతా కలిపితే మూడు లక్షలు. అందులో సగం అటక మీద ఉంది. కాయలు ఎక్కించి నాలుగు నెలలైంది. కురిడీ కావడానికి ఇంకో అయిదారు నెలలు పడుతుంది. ఇప్పుడు దింపి అమ్మితే సగం ఎండిన కాయకు ధర రాదు. ఆగాలా, అమ్మేయాలా? చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీకు నిజంగా ఎంత ఖర్చయిందో, ఏమి జరిగిందో దయచేసి రాయండి.

---

వైనతేయ ఒడ్డు

అన్నా, నేను చేయించుకున్నాను. మాది రాజోలు వైపు. మా కథ మీ కథ లాంటిది కాదు. మా పెద్దవాడు ఏడేళ్ళప్పుడు ఇంటి వెనుక పంట కాలువలో పడిపోయాడు. అంతకంటే ఎక్కువ రాయలేను. చిన్నది ఉంది, కానీ ఇంట్లో దీపం పెట్టడం కూడా మానేసింది మా ఆవిడ. నాకు ఆపరేషన్ అయి అప్పటికి ఆరేళ్ళు.

2018లో విశాఖలో చేశారు, మైక్రోస్కోపు కింద. వెన్నుకు మత్తు ఇచ్చి మూడున్నర గంటలు పట్టింది. వేసెక్టమీ పావుగంట పని కదా, ఇదీ అలాగే ఉంటుందనుకుని వెళ్ళాను. అసలు పోలికే లేదు. ఆసుపత్రి బిల్లు 78 వేలు. ముందు చేసిన రక్త పరీక్షలు, గుండె పరీక్ష, నాతో వచ్చిన మా బావ గది అద్దె, కారు అన్నీ కలిపితే మొత్తం లక్ష దాటింది. బిల్లు మాత్రమే ఖర్చు అనుకోకండి.

నెల రోజులు బరువు ఎత్తవద్దన్నారు, మోటారు సైకిలు ఎక్కవద్దన్నారు, మూడు వారాలు కలవవద్దన్నారు. బిగుతు లోదుస్తులు రాత్రి కూడా వేసుకోవాలి. నొప్పి వారం రోజుల తరువాత పెద్దగా లేదు.

ఇక అసలు పరీక్ష వీర్య పరీక్ష. రెండో నెలలో చేయిస్తే సున్నా వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని రాజోలు బస్టాండులో గంటసేపు కూర్చున్నాను, ఇంటికి వెళ్ళి ఏమి చెప్పాలో తెలియక. డాక్టరు గారు మాత్రం, ఆరు నెలలు పూర్తి కానిదే మాట్లాడవద్దు అన్నారు. నాలుగో నెలలో మిల్లీలీటరుకు 80 లక్షల శుక్రకణాలు వచ్చాయి. ఏడో నెలలో రెండు కోట్ల 20 లక్షలు. అప్పట్లో కోటీ 50 లక్షలు ఉంటే మామూలు కింద లెక్క అని చెప్పారు. ఆపరేషన్ అయిన పద్నాలుగో నెలలో మా ఆవిడకు నెల తప్పింది. పాప పుట్టింది. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది.

నాతో పాటు అదే రోజు అదే ఆసుపత్రిలో తణుకు నుంచి వచ్చిన ఒకాయనకు కూడా చేశారు. ఆయనకు వేసెక్టమీ అయి పదిహేడేళ్ళు. ఏడాది దాటినా ఆయనకు సున్నాయే. ఫోనులో మాట్లాడుకుంటూ ఉంటాం. నాకు అయింది కాబట్టి మీకూ అవుతుందని నేను చెప్పను.

---

మల్లెపందిరి

తమ్ముడూ, నేను భీమవరం నుంచి రాస్తున్నాను. మీరు అడిగిన మూడో దారిలో నడిచిన మనిషిని నేను.

మా వారికి మొదటి పెళ్ళిలో ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయి పదహారేళ్ళు. నన్ను చేసుకునేనాటికి నాకు 35. అన్నేళ్ళు గడిచాక కలపడం కష్టం, మీ వయసు కూడా ఆగదు, ఇక్సీకి వెళ్ళండి అన్నారు. మా విషయంలో ఆ సలహా తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. ఖర్చు ఎంతయిందో నా పుస్తకంలో రాసి పెట్టుకున్నది రాస్తున్నాను. మొదటి విడత ఇంజెక్షన్లతో కలిపి 2 లక్షల 35 వేలు. ముందు పరీక్షలు, స్కానింగులు 30 వేలు. గడ్డకట్టించి దాచిన పిండాన్ని రెండోసారి వేయడానికి 60 వేలు. రాకపోకలు నేను రాయలేదు.

మా వారికి సూది గుచ్చి, వృషణానికి అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ నుంచి శుక్రకణాలు తీశారు. అరగంట పని. మధ్యాహ్నానికి కాఫీ తాగుతూ బయట కూర్చున్నారు. నాకు పొట్ట మీద పదకొండు రోజులు ఇంజెక్షన్లు. ఉదయం ఆరింటికి ఫ్రిజ్‌లోంచి తీసి నేనే పొడుచుకునేదాన్ని. తరువాత మత్తు ఇచ్చి అండాలు తీశారు. తొమ్మిది వచ్చాయి, అయిదు ఫలించాయి, చివరికి రెండే పిండాలు నిలిచాయి. మొదటిది అంటుకోలేదు. రెండోది అంటుకుంది, ఏడో వారంలో పోయింది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఇక్సీతో పిల్లలు పుట్టినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కానీ మీరు రాసిన ఒక మాట నన్ను పట్టుకుంది. ఆమె కడుపు మీద మూడో కోత ఎందుకని మీరే వెళ్ళారు కదా. ఇక్సీలో జరిగేది దానికి తలకిందులు. ఆపరేషన్ అయిన మనిషి మీరు, ఏ లోపమూ లేని మనిషి ఆమె. అయినా ఇంజెక్షన్లు, మత్తు, కడుపు ఉబ్బరం, రెండు వారాల ఎదురుచూపు అన్నీ ఆమెకే వస్తాయి. కలిపించుకుంటే కోత మీ ఒంటి మీదే ఉంటుంది. మూడు ఆసుపత్రులు మీకు ఇచ్చిన ధరల కాగితాల్లో ఈ సంగతి ఎవరూ రాసి ఉండరు.

ఇంకొకటి. ఎంత దాకా పెట్టి ఆపాలో మొదటి రోజే ఇద్దరూ కూర్చుని అనుకోండి. మేము అనుకోలేదు. రెండోసారి పోయాక మూడోసారికి నా గొలుసు తాకట్టు పెట్టబోతే మా అత్తగారే ఆపారు. "పిల్లలు లేకపోతే లేకపోయారు, నువ్వు మిగలాలి" అన్నారు.

అన్నిటికంటే ముందు ఆమెను అడిగారా? గాజులు చూసి మీరు అనుకున్నారు. ఆమె నోటితో చెప్పిందా?

---

పాలకొల్లు బాట

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆ మూడు లక్షలు పాప చదువుకు వేస్తే మేలు కదా? తల్లిని పోగొట్టుకున్న పిల్లలకు ఇప్పుడు ఇంకో బిడ్డ వస్తే ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి.

---

లంకల సూపర్‌వైజర్

పాలకొల్లు వారు అడిగినది అనవసరమైన ప్రశ్న కాదు. ఆ ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించవలసినదే. కానీ ఆయన ఆరోగ్యం గురించి, ఖర్చు గురించి అడిగారు. దానికి నేను జవాబు చెప్పాలి. చెప్పవలసిన బాధ్యత కూడా నాకు ఉంది. ఎందుకో చివర్లో రాస్తాను.

నేను వైద్య ఆరోగ్య శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం కోనసీమ లంక గ్రామాల్లో గడిచింది. పంటు దాటి వెళ్ళి, మగవాళ్ళను వేసెక్టమీకి ఒప్పించి తీసుకురావడం నా పనిలో భాగం. అది ఎంత కష్టమో మీకు తెలుసు. 1976లో ఎమర్జెన్సీ నాడు దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 62 లక్షల మంది మగవాళ్ళకు ఈ ఆపరేషన్ చేశారు, చాలామందికి బలవంతంగా. ఆ భయం తాతల నుంచి మనవళ్ళ దాకా వచ్చింది. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే వైద్యుడు కోత, కుట్టు లేని పద్ధతి కనిపెట్టాక పని సులువైంది గానీ, మగవాళ్ళు మాత్రం రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ళ వంతు ఒక శాతం కూడా లేదు. మీరు ఆ కొద్దిమందిలో ఒకరు. అందుకు మీకు నమస్కారం చేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వీర్యవాహిక బయటికి వరిగడ్డి పరక అంత ఉంటుంది. లోపలి దారి అర మిల్లీమీటరు కూడా ఉండదు. తెగిన రెండు కొసల్లో ఆ దారికి ఈ దారి సరిగ్గా ఎదురుబదురు వచ్చేటట్టు, తల వెంట్రుక కంటే సన్నని నైలాను దారంతో కుట్టాలి. అందుకే మైక్రోస్కోపు కావాలి. కళ్ళజోడుకు తగిలించుకునే భూతద్దాలతో చేసేవారు కూడా ఉన్నారు. మీకు 55 వేలు చెప్పినచోట దేనితో చేస్తారో అడిగారా? ధరలో ఉన్న తేడా ఎక్కువగా అక్కడే ఉండవచ్చు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది, దీన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఆపరేషన్ బల్ల మీద వృషణం వైపు కొసను కోసినప్పుడు అక్కడి నుంచి వచ్చే ద్రవాన్ని గాజు పలక మీద వేసి చూస్తారు. అది తేటగా ఉన్నా, అందులో శుక్రకణాలు కనిపించినా, రెండు కొసలు కలిపితే సరిపోతుంది. చిక్కటి ముద్దలాగా వచ్చి శుక్రకణాలు అసలు లేకపోతే, ఇంకా పైన, ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టంలో అడ్డు పడిందని అర్థం. అప్పుడు వీర్యవాహికను నేరుగా ఆ గొట్టానికి కుట్టాలి. ఇది మొదటి దాని కంటే చాలా కష్టమైన పని, అందరికీ రాదు. ఏళ్ళు గడిచేకొద్దీ దీని అవసరం పెరుగుతుంది. రానివారు ఏమి చేస్తారు? రెండు కొసలనూ కలిపేసి పంపిస్తారు. పైన అడ్డు అలాగే ఉంటుంది, మీ డబ్బు పోతుంది. కాబట్టి, "అవసరమైతే ఎపిడిడిమిస్‌కు కలపడం మీరు చేస్తారా, ఇప్పటిదాకా ఎన్ని చేశారు" అని మొహమాటం లేకుండా అడగండి. తణుకు ఆయనకు ఏమి జరిగిందో నేను చెప్పలేను. పదిహేడేళ్ళ వ్యవధిలో అడగవలసిన మొదటి ప్రశ్న మాత్రం ఇదే.

ఫలితాల సంగతి. అమెరికాలో అయిదు ఆసుపత్రులు కలిసి 1,469 మందిని చూసి 1991లో ప్రచురించిన లెక్కలను ఇప్పటికీ అందరూ చెబుతారు. వేసెక్టమీ అయిన మూడేళ్ళలోపు కలిపితే 97 శాతం మందిలో శుక్రకణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం జంటల్లో గర్భం వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ళయితే 88, 53. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళయితే 79, 44. పదిహేనేళ్ళు, ఆపైన అయితే 71, 30. మీకు తొమ్మిదేళ్ళు. శుక్రకణాలు తిరిగి రావడం వేరు, బిడ్డ రావడం వేరు అని ఆ రెండు అంకెల మధ్య దూరమే చెబుతోంది. ఆ దూరం కొంత మీ ఇంటావిడ వయసు, ఆరోగ్యం మీద ఉంటుంది.

అందుకని నేను చెప్పే వరుస ఇది. ముందు మీ ఒంటి మీద కత్తి పడకూడదు. ముందు ఆమెకు అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ రక్త పరీక్ష, అండాశయాల స్కానింగు చేయించండి. అండం గర్భసంచిలోకి వచ్చే నాళాలు తెరిచి ఉన్నాయో లేదో ఎక్స్‌రే పరీక్షలో చూపించండి. మొత్తం ఆరేడు వేలలో తేలిపోతుంది. ఆమె నాళాలు మూసుకుపోయి ఉంటే మీ గొట్టం కలిపి ప్రయోజనం లేదు, అప్పుడు ఇక్సీయే దారి. అండాల నిల్వ బాగా తగ్గి ఉన్నా ఏడాదిన్నర ఎదురుచూసే వ్యవధి ఉండదు. రెండూ బాగుంటే, 33 ఏళ్ళ వయసుకు కలిపించుకోవడమే మేలు అని నా అభిప్రాయం. ఒకసారి దారి తెరుచుకుంటే ప్రతి నెలా ఒక అవకాశం, దానికి మళ్ళీ రుసుము లేదు. ఇక్సీలో ప్రతి ప్రయత్నానికీ బిల్లు ఉంటుంది. 1997లో అమెరికాలోనే ఒక లెక్క వేశారు. ఒక్కో కాన్పుకు అయ్యే మొత్తం ఖర్చు కలిపించుకునే దారిలో సుమారు 25 వేల డాలర్లు, ఇక్సీలో 72 వేల డాలర్లు. మన ధరలు వేరు, కాలం వేరు. కానీ ఒక్క ఆపరేషన్ బిల్లును ఒక్క ఇక్సీ బిల్లుతో పోల్చి ఊరుకోకూడదన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

ఆపరేషన్ రోజునే శుక్రకణాలు దొరికితే కొన్ని గడ్డకట్టించి దాచమని ముందుగా మాట్లాడుకోండి. తరువాత కలిపింది మూసుకుపోయినా, ఇక్సీ కోసం మళ్ళీ సూది గుచ్చే పని ఉండదు. ఇలా తీసిన కణాలు కొద్దిగా ఉంటాయి, కదలిక తక్కువ. వీటితో మామూలు ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) కుదరదు, ఇక్సీకే పనికివస్తాయి. ఈ మాట ఎందుకంటే, ఐయూఐ చవక కదా అని సూదితో తీయించుకోవాలనుకునేవారు నాకు ఎదురయ్యారు.

ఆరోగ్య బీమా ఉందని ఆశ పెట్టుకోవద్దు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో పదిహేడోది సంతాన చికిత్సల గురించి. ఐవీఎఫ్‌తో పాటు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను తిరిగి కలపడం కూడా అందులో పేరు పెట్టి రాసి ఉంది. మీ పాలసీలో విడిగా చేర్చి ఉంటే తప్ప రాదు. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగడానికి మొహమాటపడకండి. ముందు కాకినాడలో చూపించుకోండి, విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగాన్ని కలవండి. అక్కడ మైక్రోస్కోపు కింద చేసే వీలుంటే మీ ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది.

ఇక బాధ్యత అన్నాను కదా. సమ్మతి పత్రంలో ఇది శాశ్వత పద్ధతి అని స్పష్టంగా ఉంటుంది. అయినా పంటు మీద, అరుగుల మీద కూర్చుని ఒప్పించేటప్పుడు, "కావాలంటే మళ్ళీ కలపవచ్చులే" అని నేను ఎంతోమందికి చెప్పాను. వాళ్ళ భయం తీరాలని చెప్పాను. కలపడానికి లక్ష అవుతుందని, కలిపినా సగం మందికే బిడ్డ దక్కుతుందని చెప్పలేదు. నాకు కూడా అప్పుడు పూర్తిగా తెలియదు. ఆ మాట నమ్మినవారిలో ఒక పడవ సరంగు, కొడుకును పోగొట్టుకుని, నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర ఒక చిరునామా కూడా లేకపోయింది. అందుకే ఇంత పొడవుగా రాశాను.

---

అమలాపురం వకీలు

చట్టం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. దత్తత ఆలోచన ఉంటే, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్న దంపతులకు 2022 దత్తత నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలను, దత్తత వెళ్ళడం కష్టమైన పిల్లలను మాత్రమే ఇస్తారు. బంధువుల బిడ్డ అయితే వేరు. 1956 హిందూ దత్తత చట్టం కింద వెళితే, కొడుకు ఉండగా మరో మగబిడ్డను, కూతురు ఉండగా మరో ఆడబిడ్డను తీసుకోవడానికి వీలు లేదు. మీకు ఇద్దరూ ఉన్నారు.

దాత వీర్యంతో ఐయూఐ అన్నిటికంటే చవక. సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం (ఏఆర్‌టీ చట్టం) ప్రకారం ఆ వీర్యం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. తమ్ముడిదో మేనల్లుడిదో ఇస్తామంటే కుదరదు. భార్యాభర్తలిద్దరి రాతపూర్వక సమ్మతి కావాలి. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో పూర్తిగా మీ బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. కానీ మీ సొంత శుక్రకణాలు దొరికే అవకాశం బాగా ఉండగా అంత దూరం ఆలోచించవలసిన పని ఇప్పుడు లేదనుకుంటాను.

---

అటక కొబ్బరి

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఇరవై రోజులు పట్టింది.

మల్లెపందిరి అక్కా, మీరు అడిగిన ప్రశ్న చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఆమెను అడగలేదు. గాజులు చూసి నేనే అన్నీ అనుకున్నాను. మర్నాడు పిల్లలు బడికి వెళ్ళాక అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ గాజుల సంగతి మీరు గమనించారా" అంది. కావాలని ఉంది, కానీ నా కోసం మీరు మళ్ళీ కోత పెట్టించుకోవాలని ఎలా అడగను అంది. ఇక్సీ గురించి మీరు రాసినదంతా ఆమెకు చూపించాను. అవసరమైతే ఇంజెక్షన్లు చేయించుకుంటాను, కానీ ఒక్కసారే, రెండోసారి వద్దు అంది. ఎంత దాకా పెట్టాలన్నది కూడా ఆ రోజే అనుకున్నాం. మూడు లక్షలు. అందులో పిల్లల పేర ఉన్నది ముట్టుకోకూడదు.

పాలకొల్లు వారికి కోపం లేదండి. పాపకు ఇప్పుడు పదమూడు. దాచి చేయడం ఇష్టం లేక ఆమెకు చెప్పాము. మొదట ఏమీ అనలేదు, పుస్తకాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజుల తరువాత నన్ను అడిగింది, ఆపరేషన్‌లో నీకేమైనా అవుతుందా నాన్నా అని. ఒకసారి తల్లిని ఆసుపత్రికి పంపి, ఆమె తిరిగి రావడం చూడని పిల్ల. ఆ భయం నాకు తట్టనే లేదు. విశాఖ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళినప్పుడు పాపను కూడా తీసుకువెళ్ళాను. ఆయన ఓపికగా బొమ్మ గీసి చెప్పారు.

సూపర్‌వైజర్ గారు చెప్పిన వరుసలోనే వెళ్ళాము. ఆమె ఏఎంహెచ్ 2.4 వచ్చింది. వయసుకు తగ్గట్టే ఉందన్నారు. నాళాలు రెండూ తెరిచే ఉన్నాయి. పరీక్షలన్నిటికీ కలిపి 6,800 అయింది. రాజమహేంద్రవరంలో 55 వేలు చెప్పినచోట మైక్రోస్కోపు లేదు. ఎపిడిడిమిస్‌కు కలపడం గురించి అడిగితే, అంత అవసరం రాదులెండి అన్నారు. విశాఖలో అదే ప్రశ్న అడిగితే, అవసరమైతే చేస్తాను, కానీ అప్పుడు ఫలితం తగ్గుతుంది, శుక్రకణాలు రావడానికి ఏడాది కూడా పట్టవచ్చు అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కణాలు దాచడానికి మరో 12 వేలు, ఆపైన ఏడాదికి కొంత అవుతుందట. అక్కడే చేయించుకుంటున్నాను, సంక్రాంతి వెళ్ళిన తరువాత సోమవారం. ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా కనుక్కున్నాను. చేస్తారు గానీ వరుసలో ఆగాలి. ఆగడానికి ఆమె వయసుకు ఇంకా వ్యవధి ఉందన్నారు, కానీ నాకే మనసు ఆగలేదు.

కాయలు దింపలేదు. కోకో గింజలు అమ్మిన డబ్బు, మా బావమరిది సర్దిన నలభై వేలు సరిపోతాయి. కురిడీ అయ్యాక తీర్చేస్తాను.

సూపర్‌వైజర్ గారూ, మీకు ఒక్క ప్రశ్న. అటక ఎక్కి కాయలు తిరగవేయడం నాకు రోజూ ఉండే పని. పెద్ద బరువు కాదు, నిచ్చెన పది మెట్లు. రెండు వారాల తరువాత మొదలుపెట్టవచ్చా?

---

లంకల సూపర్‌వైజర్

వద్దు బాబూ. నాలుగు వారాలు నిచ్చెన జోలికి పోవద్దు. ఎక్కేటప్పుడు తొడ, పొత్తికడుపు బిగుసుకుంటాయి, లోపల కుట్టు లాగుతుంది. ఆ నెల కాయలు మీ బావమరిదితో తిరగవేయించండి. మొదటి వీర్య పరీక్ష ఎప్పుడో డాక్టరు గారు చెప్పిన తేదీకే వెళ్ళండి, ముందు వెళ్ళవద్దు. సున్నా వచ్చినా బస్టాండులో ఒంటరిగా కూర్చోవద్దు. ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.